యూఎఫ్‌ఓ కేసులో ఎవడైనా మనల్ని బకరా చేస్తున్నాడేమో ఎలా చెక్ చేయాలి

ఆకాశంలో ఏదో వింత లైటు, అంటే యూఎఫ్‌ఓ (ఏంటో తెలీని ఎగిరే వస్తువు), కనిపించింది అనగానే మనోళ్లు రెండు పార్టీలైపోతారు. ఒకడేమో ఏలియన్సే అంటాడు, ఇంకోడేమో అది శుక్రుడు లేరా బాబూ పోయి పడుకో అంటాడు. వీళ్లిద్దరూ కొట్టుకుంటూ ఉంటే మధ్యలో ఇంకో సంగతి ఎవరికీ గుర్తుకు రాదు, అదేంటంటే ఎవడో మనలాంటి మనిషే కూర్చుని ప్లాన్ వేసి, సామాను కొని, టైమ్ చూసుకుని మరీ ఆ లైటు పెట్టి ఉండొచ్చు అని. పొరపాటూ కాదు, గ్రహాంతరవాసీ కాదు, పక్కా డ్రామా. ఈ గైడ్ దాని గురించే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి, కింద ఉన్నదంతా దీని మీదే నడుస్తుంది. చూసినవాళ్లు నిజాయితీపరులు అయినంత మాత్రాన చూసిన విషయం నిజాయితీగా జరిగిందని కాదు. "మా మావయ్య రిటైర్డ్ హెడ్మాస్టరు, ఆయన అబద్ధం చెప్పరు" అంటారు చూడండి, అవును, ఆయన చెప్పరు, ఆయన చూసిందే చెప్తారు. ఆయనకి చూపించినవాడెవడు అన్నదే మన ప్రశ్న.

స్టెప్ 1: ముందు నాలుగు ఫోల్డర్లు పెట్టుకోండి

కేసు చేతికి రాగానే తీర్పు ఇవ్వకండి. ఫోన్‌లోనో పుస్తకంలోనో నాలుగు ఫోల్డర్లు చేస్కోండి. మొదటిది తెలిసిన వస్తువునే తప్పుగా చూడటం (గ్రహం, విమానం, బెలూన్, డ్రోన్). రెండోది మనుషులదే కానీ సీక్రెట్‌గా ఉంచినది. మూడోది కావాలని చేసిన మోసం. నాలుగోది తెలీదు. అమెరికా ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ప్రాజెక్ట్ బ్లూ బుక్ అని 1969 దాకా నడిపారు, మొత్తం 12,618 రిపోర్టులు వస్తే చివరికి 701 మాత్రం తెలీదు అన్న లెక్కలో మిగిలిపోయాయి. తెలీదు అంటే ఏలియన్ అని అర్థం కాదు, ఆ ముక్క మనందరికీ తెలుసు. కానీ తెలీదు అన్నదాంట్లో దొరకని దొంగ కూడా కూర్చుని ఉండొచ్చు అన్నది మాత్రం చాలామంది ఆలోచించరు.

స్టెప్ 2: ఒరిజినల్ ఫైల్ అడగండి, ఫార్వర్డ్ కాదు

వాట్సాప్‌లో వచ్చిన వీడియో మీద పరిశోధన చేయడం టైమ్ వేస్ట్, ఎందుకంటే వాట్సాప్ దాన్ని కుదించేసి, తీసిన టైమ్, ఫోన్ మోడల్ లాంటి లోపలి సమాచారం అంతా పీకేస్తుంది. తీసినవాడి ఫోన్‌లో ఉన్న అసలు ఫైల్ కావాలి, డ్రైవ్‌లో పెట్టమనండి లేదా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫైల్ ఒక్కటే కాదు, దానికి ముందు తీసిన ఫోటో, తర్వాత తీసిన ఫోటో కూడా అడగండి. నిజంగా ఏదో చూసి అదిరిపోయినవాడి గ్యాలరీలో ముందర భోజనం ఫోటో, తర్వాత పది వణికిపోయిన క్లిప్పులు ఉంటాయి. డ్రామా ఆడేవాడి దగ్గర చక్కగా కట్ చేసిన ఒక్క క్లిప్పే ఉంటుంది, మిగతావి "డిలీట్ అయిపోయాయి" అంటాడు. ఇది రూల్ కాదు కానీ బాగా పనికొచ్చే వాసన.

తర్వాత ఆ వీడియోలోంచి రెండు మూడు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేయండి. మన వైజాగ్ కథ గుర్తుందా, 2017లో కడుతున్న బిల్డింగ్‌లో మూడు వింత జీవులు నిటారుగా నిలబడి, తెల్లటి మొహాలతో, నల్ల కళ్లతో కెమెరా వైపే చూస్తున్న వీడియో ప్రపంచం మొత్తం తిరిగింది, ఏలియన్స్ అని. అవి గుడ్లగూబ పిల్లలు బాబూ, బార్న్ ఔల్ అనే రకం, ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు. అక్కడ వీడియో ఫేక్ కాదు, పిట్టలూ ఫేక్ కాదు, పైన తగిలించిన క్యాప్షన్ ఒక్కటే ఫేక్. కాబట్టి వీడియోలో ఏముంది అన్నది వేరే, వీడియో గురించి ఏం రాశారు అన్నది వేరే, రెండిటినీ విడివిడిగా చెక్ చేయాలి.

కంప్యూటర్‌లో తయారుచేసిన వాటి విషయానికొస్తే పాత కేసులు రెండు చూస్తే మీ కన్ను కొంచెం పదునెక్కుతుంది. 2007లో హైతీ బీచ్ మీద ఎగిరే పళ్లాలు అని ఒక వీడియో వచ్చింది, చూసినవాళ్లకి నోట మాట రాలేదు. తీరా చూస్తే అందులో ఉన్న తాటిచెట్లలాంటి చెట్లు ఒకదానికొకటి జిరాక్స్ కాపీలు, ఆకు ఆకూ సేమ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్‌గా వచ్చే చెట్టుని కాపీ పేస్ట్ చేశాడు. జనం అంతా పళ్లేన్ని చూస్తుంటే దొరికిపోయింది చెట్టు దగ్గర. 2011లో జెరూసలేంలో డోమ్ ఆఫ్ ది రాక్ అనే పాత గోపురం మీద దిగిన లైటు వీడియోలో ఇంకా తమాషా, చెయ్యి వణికినట్టు కనిపించాలని ఫ్రేముని సాఫ్ట్‌వేర్‌తో ఊపారు, అలా ఊపితే అంచుల్లో ఖాళీ వస్తుంది కదా, ఆ ఖాళీ నింపడానికి పక్కనున్న బొమ్మనే అద్దంలోలా తిప్పి అతికించారు. వీడియో స్లోగా నడిపి నాలుగు అంచులూ చూస్తే లైట్లు అంచు దగ్గర జంటగా కనిపిస్తాయి. అందుకే నేను ఏ వీడియో అయినా మొదటిసారి వస్తువుని అసలు చూడను, అంచులు, చెట్లు, నేల, నీడలు, పక్కనోళ్ల మొహాలు చూస్తాను.

ఇప్పుడు ఏఐ వీడియోలు వచ్చాక ఈ చిట్కాలు రోజురోజుకీ పాతబడిపోతున్నాయి, బొమ్మలో మనిషికి ఆరు వేళ్లున్నాయేమో అని లెక్కపెట్టే రోజులు పోయాయి. కాబట్టి బొమ్మ బాగుందా లేదా అన్నదాని కన్నా అది ఎక్కడ నుంచి పుట్టింది, ఫస్ట్ అప్‌లోడ్ చేసింది ఎవరు, అదే టైమ్‌లో ఇంకో మనిషి ఇంకో వైపు నుంచి తీసింది ఉందా అన్న దాని మీదే మీ టైమ్ పెట్టండి. హైదరాబాద్ లాంటి ఊళ్లో నిజంగా సిటీ మీద పెద్ద పళ్లెం తేలితే ఒక్కడి ఫోన్‌లోనే ఎందుకు పడుతుంది చెప్పండి?

స్టెప్ 3: మామూలు వాటిని తీసేయండి, ఇది బోర్ కొట్టినా తప్పదు

స్టెల్లేరియం యాప్‌లో ఆ ఊరు, ఆ తేదీ, ఆ టైమ్ కొట్టి ఆ దిక్కున ఏ గ్రహం ఉందో చూడండి. ఫ్లైట్‌రాడార్‌లో ఆ టైమ్‌కి పోయిన విమానాల రూట్లు చూడండి. స్టార్‌లింక్ శాటిలైట్లు ముత్యాల దండలా వరసగా పోయేది హెవెన్స్ అబవ్ అనే సైట్‌లో దొరుకుతుంది. శ్రీహరికోట నుంచి ఆ రోజు ఏమైనా లాంచ్ ఉందా చూడండి. సంక్రాంతి రోజులైతే ఎల్‌ఈడీ పతంగులు, దీపావళి, న్యూ ఇయర్ అయితే స్కై లాంతర్లు.

శుక్రుడు అని వెటకారం చేస్తారు కానీ చిన్న విషయం కాదు. 2012, 2013లో లడఖ్‌లో మన సైనికులే నెలల తరబడి వెలిగే వస్తువులు గమనించి చైనా వాళ్ల డ్రోన్లేమో అని రికార్డు చేసుకున్నారు, ఆఖరికి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లొచ్చి అవి శుక్రుడు, గురుగ్రహం అని తేల్చారు. అక్కడ గాలి పల్చన, చుక్కలు మనకిక్కడ కనిపించేదాని కన్నా బాగా మెరుస్తాయి.

తెలంగాణ వాళ్లకైతే ఇంకో స్పెషల్ ఐటెమ్ ఉంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ సెంటర్ ఉంది, అక్కణ్నుంచి పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు పరిశోధన కోసం 30 కిలోమీటర్ల పైకి కూడా పోతాయి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద క్యాప్సూల్ ఒకటి దిగితే ఊరు ఊరంతా పరిగెత్తింది, చివరికి అది స్పెయిన్ కంపెనీ ఒకటి స్పేస్ టూరిజం కోసం ఇక్కడి నుంచి ఎగరేసి చూసిన టెస్ట్ క్యాప్సూల్. ఇలాంటిది మీ చేలో పడితే విప్పకండి, లోపల హై ఓల్టేజ్ ఉండొచ్చు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి చెప్తే బహుమానం కూడా ఇస్తామని బెలూన్ సెంటర్ వాళ్లే ప్రకటనల్లో చెప్తుంటారు.

స్టెప్ 4: సాక్షులతో మాట్లాడటం

అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడిగారంటే కేసు అక్కడికక్కడే పాడైపోయినట్టు. ఒకరు "ముక్కోణంలా ఉంది" అనగానే మిగతా ఐదుగురికీ ముక్కోణమే గుర్తుకొస్తుంది. విడివిడిగా కూర్చోబెట్టి, ముందు కాగితం మీద బొమ్మ గీయించి, ఆ తర్వాతే ప్రశ్నలు.

ఎంత పెద్దది అని అడగకండి, ఎవరికీ తెలీదు, రాత్రి ఆకాశంలో దూరం తెలీకుండా సైజు చెప్పడం ఎవరి వల్లా కాదు. "మా అపార్ట్‌మెంట్ అంత ఉంది" అంటారు, పాపం నిజంగానే అలా అనిపిస్తుంది. బదులుగా చెయ్యి చాచి చూపించమనండి. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ, పున్నమి చంద్రుడు అర డిగ్రీయే. నేల నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తులో ఉంది, ఎటు నుంచి ఎటు పోయింది, ఎంతసేపు పట్టింది, ఎలా మాయమైంది. రెండు వేరే వేరే చోట్ల నుంచి చూసినవాళ్లు దొరికితే మ్యాపు మీద రెండు గీతలు గీసి ఎక్కడ కలుస్తాయో చూస్తే అసలు దూరం, దాంతోపాటు అసలు సైజు బయటపడతాయి.

ఎలా మాయమైంది అన్నదాన్ని లైట్ తీస్కోకండి. 2009 జనవరిలో అమెరికాలో న్యూజెర్సీలో మోరిస్‌టౌన్ దగ్గర ఎర్రటి లైట్లు గుంపుగా తేలుతూ కనిపించాయి, ఎమర్జెన్సీ నంబర్ 911కి కాల్స్, టీవీ వాళ్లు, పెద్ద గోల. ఏప్రిల్ 1న ఇద్దరు కుర్రాళ్లు మేమే అని ఒప్పుకున్నారు. హీలియం బెలూన్లకి చేపల గాలం దారంతో రోడ్డు మీద ప్రమాదం గుర్తుగా వాడే ఫ్లేర్లు (ఎర్రగా మండే కడ్డీలు) కట్టి వదిలారు, అంతే. 250 డాలర్ల ఫైను, 50 గంటల సమాజ సేవ పడింది. ఫ్లేర్ అయితే గాలి ఎటు వీస్తే అటే పోతుంది, కాసేపటికి ఒకటి తర్వాత ఒకటి ఆరిపోతుంది. కాబట్టి ఆ రోజు గాలి ఏ దిక్కున ఉందో పాత వాతావరణ రికార్డులో చూడటం అర నిమిషం పని, కానీ చేసేవాళ్లు తక్కువ.

స్టెప్ 5: సాక్షుల్లోనే మనిషిని పెట్టారేమో చూడండి

ఇది అసలు స్టెప్, దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది గైడ్లు రాస్తారు గానీ దీన్ని వదిలేస్తారు.

ఇంగ్లండ్‌లో వార్మిన్‌స్టర్ అని ఊరుంది, 1960ల్లో యూఎఫ్‌ఓలకి ఫేమస్, అక్కడ క్రేడిల్ హిల్ అనే గుట్ట మీద జనం రాత్రుళ్లు కూర్చుని ఆకాశం చూసేవాళ్లు. 1970 మార్చి 28 రాత్రి ఎదురుగా ఉన్న ఇంకో గుట్ట మీద ఊదా రంగు లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. అదే టైమ్‌లో గుంపులో ఉన్న ఒకతని దగ్గర అయస్కాంత శక్తిని పట్టే మీటరు మోగింది. ఇంకొకతను కెమెరాతో ఫోటోలు కొట్టి, కడగని రీలుని అక్కడే వేరేవాళ్ల చేతిలో పెట్టేశాడు, మీరే కడిగించుకోండి అని. చూస్తే ఎంత పక్కాగా ఉందో కదా, కళ్లతో చూసిన సాక్షులు, మీటరు సాక్ష్యం, ఎవరూ చెయ్యి పెట్టని రీలు.

మొత్తం డేవిడ్ సింప్సన్ అనే ఫిజిక్స్ ఆయన, ఆయన మిత్రులు పెట్టిన పరీక్ష. లైటు ఒక స్పాట్‌లైటు, మీటరు ఉత్తుత్తిది, కెమెరాలో రీలు మీద రెండు ఫ్రేములు ముందే ఎక్స్‌పోజ్ చేసి ఉన్నాయి, అంటే ఆ ఫోటోలు ముందే తీసి పెట్టారు. ఇక్కడే కిటుకు ఉంది, వాళ్లు కావాలనే తప్పులు వదిలారు. ఫోటోలో వస్తువు ఉన్న చోటు, జనం చూసిన చోటు ఒకటి కాదు. ఊరి వీధి దీపాలు ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ తేడాగా ఉన్నాయి, ఎందుకంటే అవి వేరే రోజు తీసినవి. జాగ్రత్తగా చూస్తే ఎవరైనా పట్టేయొచ్చు. పట్టలేదు. ఆ రోజుల్లో పేరున్న ఒక యూఎఫ్‌ఓ పత్రిక వాటిని అచ్చేసింది, ఫోటోలు చూసినవాళ్లు అసలైనవే అన్నారు, తేడాలు కనిపించినచోట ఆ తేడాలకి కొత్త కొత్త సైన్స్ కారణాలు కనిపెట్టారు తప్ప "ఇది ఎవడైనా చేశాడేమో" అని అడగలేదు. రెండేళ్లకు పైగా ఇదే నడిచింది, చివరికి చేసినవాళ్లే బయటపెట్టుకున్నారు.

దీన్నుంచి మీరు చేయాల్సిన పనులు: సాక్షుల్లో ఆ గుంపుకి కొత్తగా వచ్చినవాళ్లెవరో రాసుకోండి. సరిగ్గా ఆ రాత్రే, సరిగ్గా ఆ పరికరంతో, సరిగ్గా సరైన చోట నిలబడినవాడెవడో రాసుకోండి. "అటు చూడండి" అని ముందు వేలు చూపించింది ఎవరో ప్రతి సాక్షినీ విడిగా అడగండి, చాలాసార్లు ఒకే పేరు వస్తుంది. కొత్తవాడు దొంగ అని కాదు నేననేది, వాడు ఇచ్చిన సాక్ష్యం తీసేస్తే కేసులో ఇంకేం మిగులుతుందో చూడమంటున్నా. వార్మిన్‌స్టర్‌లో అలా తీసేస్తే మిగిలేది గుట్ట మీద ఒక లైటు, అంతకు మించి ఏం లేదు.

ఇంకోటి, రెండు సాక్ష్యాలు కొట్టుకుంటుంటే వాటిని రాజీ చేయకండి. ఫోటో ఒకటి చెప్పి జనం ఇంకోటి చెప్తే "బహుశా కెమెరాకి మనకి కనిపించని కిరణాలు కనిపించాయేమో" అని కోడిగుడ్డు మీద ఈకలు పీకొద్దు. ఆ తేడానే కేసు.

స్టెప్ 6: డాక్యుమెంట్లు, అందులో "టాప్ సీక్రెట్" అని ముద్ర ఉన్నవి

1984 డిసెంబర్‌లో అమెరికాలో జేమీ షాండెరా అనే ఆయన ఇంటికి పోస్టులో కడగని 35 ఎంఎం రీలు వచ్చింది, పంపినవాడి పేరు లేదు. కడిగితే ఎంజే-12 అనే రహస్య కమిటీ కాగితాలు, కూలిన పళ్లెం, ఆనాటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సంతకం, అన్నీ. ఈ కాగితాల మీద ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కానీ ట్రూమన్ సంతకం, ఆయన 1947 అక్టోబర్ 1న వానెవర్ బుష్ అనే సైంటిస్టుకి రాసిన నిజం ఉత్తరం మీద ఉన్న సంతకం ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోతాయి. మీరు ఒక పని చేయండి, తెల్లకాగితం మీద మీ సంతకం పదిసార్లు పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూడండి, ఏ రెండూ అచ్చుగుద్దినట్టు రావు. ఎఫ్‌బీఐ వాళ్లు తమ కాపీ మీద పెద్దక్షరాలతో బోగస్ అని రాసి పడేశారు.

దీనికన్నా తెలివైనది తర్వాత వచ్చింది. 1985లో అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ పెట్టెల్లోనే ఒక మెమో దొరికింది, ఎంజే-12 పేరుతో, రాబర్ట్ కట్లర్ అనే అధికారి 1954 జూలై 14న రాసినట్టు. ప్రభుత్వ ఆర్కైవ్‌లో దొరికింది కాబట్టి నిజమే అనుకుంటాం కదా. ఆర్కైవ్స్ వాళ్లే కూర్చుని చూస్తే ఆ తేదీన కట్లర్ దేశంలోనే లేడు, విదేశాల్లో సైనిక స్థావరాలు చూస్తూ తిరుగుతున్నాడు, కాగితానికి ఉండాల్సిన వాటర్‌మార్క్ లేదు, టాప్ సీక్రెట్ కాగితాలకి వేసే రిజిస్టర్ నంబర్ లేదు. అంటే ఆర్కైవ్‌లోంచి కాగితం దొంగిలించడమే కాదు, కాగితం తీసుకెళ్లి అక్కడ పెట్టి రావడం కూడా సాధ్యమే.

కాబట్టి మీరు చూడాల్సింది: ఆ తేదీన సంతకం పెట్టిన మనిషి ఎక్కడున్నాడు, అదే ఆఫీసు అదే ఏడాది వాడిన వేరే కాగితాలు ఎలా ఉన్నాయి, నంబర్లు వేసే పద్ధతి ఏంటి, తేదీ రాసే పద్ధతి ఏంటి. కాగితంలో ఏం రాసుందో చివర్లో చదవండి. ముందు చదివితే ఆ కథలో పడిపోతారు.

స్టెప్ 7: ప్రభుత్వం కూడా ఆడుతుంది, కానీ ఏ ఆట అన్నది చూడండి

"ప్రభుత్వం దాస్తోంది" అని అందరూ అంటారు. కరెక్టే, దాచింది, కాకపోతే ఎక్కువగా దాచింది పళ్లేల్ని కాదు, పళ్లేల కథ వెనకాల విమానాల్ని. 1955లో అమెరికాలో నెవడాలో గ్రూమ్ లేక్ దగ్గర యూ-2 గూఢచారి విమానం ఎగరడం మొదలైంది, 60 వేల అడుగుల పైన. అప్పట్లో ప్యాసింజర్ విమానాలు 10 నుంచి 20 వేల అడుగుల్లో పోయేవి. సాయంత్రం పూట కింద పైలట్‌కి సూర్యుడు అస్తమించేసినా పైన యూ-2 వెండి రెక్కల మీద ఇంకా ఎండ పడుతూ ఉంటుంది, కింద నుంచి చూస్తే నిప్పులా మెరుస్తుంది, ఆ ఎత్తులో విమానం ఉంటుందని ఎవరూ ఊహించలేదు. 1997లో సీఐఏ చరిత్రకారుడు గెరాల్డ్ హేన్స్ రాసిన దాని ప్రకారం 50ల చివర, 60ల్లో వచ్చిన రిపోర్టుల్లో సగానికి పైగా ఇలాంటి నిఘా విమానాలవే, జనానికి మాత్రం మంచు స్ఫటికాలు, గాలి ఉష్ణోగ్రత తేడాలు అని చెప్పారు. ఆ సగం లెక్క చెప్పింది సీఐఏనే కాబట్టి దాన్ని కూడా కళ్లు మూసుకుని మింగక్కర్లేదు. న్యూమెక్సికోలోని రోస్‌వెల్ కేసు కూడా ఇంతే, 1947 జూలై 8న ఎగిరే పళ్లెం దొరికింది అన్నారు, వెంటనే మాట మార్చి వాతావరణ బెలూన్ అన్నారు, 1994లో ఎయిర్‌ఫోర్స్ వాళ్లు అది సోవియట్ అణు పరీక్షల శబ్దం వినడానికి పెట్టిన ప్రాజెక్ట్ మొగల్ బెలూన్ల దండ అని చెప్పారు. జనానికి అబద్ధం చెప్తున్నారు అన్న అనుమానం నిజమైంది, కానీ ఆ అబద్ధం వెనకున్నది ఏలియన్ కాదు.

దాచడం ఒకటి, మనిషి బుర్రలోకి ఎక్కించడం ఇంకోటి. న్యూమెక్సికోలో అల్బుకర్కీలో పాల్ బెన్నెవిట్జ్ అనే ఆయన ఉండేవాడు, సొంత కంపెనీ, కిర్ట్‌ల్యాండ్ ఎయిర్‌ఫోర్స్ బేస్ పక్కనే ఉండేవాడు. బేస్ మీద లైట్లు ఫోటోలు తీసి, రేడియో సిగ్నల్స్ పట్టి, ఏలియన్స్ వచ్చేశారని 1980లో బేస్ వాళ్లకే వెళ్లి చెప్పాడు. పోనీలే తప్పు అని చెప్పి పంపించొచ్చు కదా, లేదు, ఎయిర్‌ఫోర్స్ దర్యాప్తు విభాగం వాళ్లు ఆయన నమ్మకానికి ఎరువు వేశారు, తప్పుడు సమాచారం అందిస్తూ పోయారు. ఆ పనిలో సాయపడ్డది ఎవరో తెలుసా, విలియం మూర్ అనే ఇంకో యూఎఫ్‌ఓ పరిశోధకుడే, 1989లో లాస్ వేగస్ సభలో తనే లేచి ఒప్పుకున్నాడు, హాలంతా కేకలు. అప్పటికే బెన్నెవిట్జ్ మానసికంగా కుదేలై ఆసుపత్రి పాలయ్యాడు. ఈ ఫీల్డులో సరదాగా దిగేవాళ్లకి ఈ ఒక్క కేసు పూర్తిగా చదవమని చెప్తాను. 2025 జూన్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ కూడా రాసింది, 80ల్లో ఒక కల్నల్ ఏరియా 51 అనే రహస్య స్థావరం దగ్గరున్న బార్ ఓనర్‌కి ఫేక్ పళ్లేల ఫోటోలు ఇచ్చి వచ్చాడని, సీక్రెట్ విమానాల మీద నుంచి జనం దృష్టి మళ్లించడానికి.

అందుకే "లోపలి మనిషి", "పేరు చెప్పని అధికారి" మీకు ఏదైనా ఇస్తే ఒకటే ప్రశ్న వేసుకోండి, ఇది బయటికి వెళ్తే ఎవరికి లాభం? మీరు అడగకుండానే వచ్చిందా? మీరు ముందే నమ్మేదానికి సరిగ్గా సరిపోయేలా ఉందా? ఆ మూడోది అవును అయితే ఇంకా జాగ్రత్త. మన మనసుకి నచ్చే అబద్ధాన్నే మనకి కుట్టించి ఇస్తారు, టైలర్ కొలతలు తీసుకున్నట్టు.

స్టెప్ 8: ఎందుకు చేసి ఉంటాడు

డబ్బు ఒక్కటే అనుకోకండి. 1967 సెప్టెంబర్ 4న దక్షిణ ఇంగ్లండ్‌లో ఒకే గీత మీద ఆరు చోట్ల ఆరు పళ్లేలు దొరికాయి, బీప్ బీప్ అంటూ, లోపల కంపు కొట్టే జిగురు. పోలీసులు, సైన్యం, బాంబు స్క్వాడ్ పరిగెత్తారు. చేసింది ఫార్న్‌బరోలో విమానాల సంస్థలో ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాళ్లు, ఛారిటీ కోసం విరాళాల సరదా, ఆ జిగురు పిండీ నీళ్లూ. సరదా, పేరు, పందెం, పరీక్ష, భక్తి, టూరిజం, లైకులు, అన్నీ కారణాలే. డబ్బు ఉన్నచోట మాత్రం సామాను బాగా కుదురుగా ఉంటుంది, 2023లో లిమా ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకి దొరికిన ఏలియన్ బొమ్మల్ని పెరూ ఫోరెన్సిక్ వాళ్లు పరీక్ష చేస్తే జంతువుల ఎముకలు, మనిషి ఎముకలు కలిపి జిగురుతో అతికించినవి అని తేలింది.

స్టెప్ 9: మోసం అనడానికి కూడా ఆధారం కావాలి

ఇది చదివి రేపటి నుంచి ప్రతి సాక్షినీ దొంగ అనకండి, ప్లీజ్. ఊళ్లో ఒకావిడ భయపడి చెప్తే ఆమెని ఫేక్ అని పోస్టు పెట్టడం పాపం. "ఇదంతా సీఐఏ ఆట" అని ప్రతిదానికీ అనేవాడు, "ఇదంతా ఏలియన్స్" అనేవాడు, ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు, ఇద్దరి దగ్గరా ఏ ఆధారం తెచ్చినా కదలని జవాబు ఉంటుంది. మోసం అని రాయాలంటే పని ఎలా చేశాడో చూపించండి (దారం, ఫ్లేర్, అద్దం అంచు, సంతకం), లేదా చేసే అవకాశం ఎవరికి ఉందో చూపించండి. రెండూ లేకపోతే "మోసం కావచ్చు, రుజువు లేదు" అని రాసి నాలుగో ఫోల్డర్‌లో పడేయండి.

స్టెప్ 10: ఒప్పుకున్నవాడిని కూడా వదలకండి

కేసు మూసేసినా ఫైల్ డిలీట్ చేయకండి, ఎందుకంటే ఒప్పుకోళ్లు చాలా లేటుగా వస్తాయి. బెల్జియంలో 1990లో పెటి-రెషెన్ అనే చోట తీసిన ముక్కోణం ఫోటో, మూల మూలకీ లైటు, చాలా ఏళ్లు నిపుణులు దాన్ని తిరగేసి మరగేసి చూశారు, ఇది ఫేక్ అని గట్టిగా చెప్పలేకపోయారు. 2011లో తీసినతనే టీవీలో కూర్చుని, అది థర్మాకోల్ లాంటి ముక్కకి రంగేసి, టార్చి లైట్లు పెట్టి, దారంతో వేలాడదీసి తీశా, ఫ్రెండ్స్‌ని ఆటపట్టించడానికి అన్నాడు. 21 ఏళ్లు.

కానీ ఒప్పుకున్నాడు కదా అని ఎగిరి గంతేయకండి, పేరు కోసం చేయని పని కూడా నేనే చేశా అనేవాళ్లుంటారు. ఒక్కటే దారి, చేసి చూపించమనండి. ఇంగ్లండ్‌లో గోధుమ చేలల్లో వచ్చే గుండ్రటి ముగ్గుల్ని మేమే 70ల నుంచి చేస్తున్నాం అని డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు పెద్దాయనలు 1991లో ఒక పేపర్‌కి చెప్తే ఆ పేపర్ వాళ్లు సరిగ్గా అదే చేశారు. ఒక చెక్క పలక, కొంచెం తాడు, అడ్డంగా తొక్కుకుంటూ పోవడం, అంతే, చేలో ఒకటి తయారైంది. తర్వాత ఆ ముగ్గుల మీద నిపుణుడిగా పేరున్న ప్యాట్ డెల్గాడోని పిలిచి చూపించారు. ఆయన చూసి, ఇది మనుషులు చేసింది కానే కాదు అన్నాడు. మీరు కూడా ఒప్పుకున్నవాడి చేతికి అదే సామాను ఇచ్చి, పక్కన నిలబడి వీడియో తీస్కోండి, అసలు ఫోటో ఏ యాంగిల్‌లో ఉందో అదే యాంగిల్‌లో.